కారం అంటని చేతులు

ఆ ఏడాది మిరప రెండో కోత మధ్యలో మా గేదె ఈనింది. తలుచుకుంటే ఇప్పటికీ భుజాలు లాగుతాయి.

మాది గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే చోట నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప మరో పైరు గురించి మాట్లాడుకోని ఊరు. అంతకు ముందు ఏడాది నల్లతామర పురుగు వచ్చి పూతంతా తినేసింది. ఈసారి కాపు నిలబడింది గానీ, అందరి చేలూ ఒక్కసారే పండటంతో కోతకు మనుషులు దొరకలేదు. దొరికిన నలుగురితో పాటు నేనూ మా ఆయనా కూడా వంగి కోస్తూనే ఉన్నాం. కోసిన కాయను కల్లానికి చేర్చాలి, ఆరబోయాలి, మంచు పడకుండా పట్టాలు కప్పాలి, పొద్దున్నే వాటిని తీయాలి, తెల్లబారిన తాలుకాయ ఏరాలి. చేతులకు కొబ్బరినూనె రాసుకున్నా, మజ్జిగలో ముంచుకున్నా మంట తగ్గేది కాదు. కొన్నాళ్లకు మంట తెలియడం కూడా మానేసింది. మరిచిపోయి కన్ను నలుపుకున్నప్పుడు మాత్రం చేతులకు కారం ఉందని గుర్తొచ్చేది.

మా అత్త నాకు మేనత్త. మా నాన్నకు అక్క. అందుకే పెళ్లయ్యాక కూడా ఆమెను నేను చిన్నప్పటి లాగే నువ్వు అంటాను. మా మామ పోయాక కూడా ఏ కోతకూ ఇంట్లో కూర్చుని ఎరగదు. ఆ ఏడాది మాత్రం సంక్రాంతి దాటాక కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. నల్లద్దాలు పెట్టి పంపిస్తూ గుంటూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దుమ్ము తగలకూడదు, వంగకూడదు, మిరపకాయ ఉన్న దరిదాపులకే పోకూడదు. మిరపకాయ లేని చోటు మా ఇంట్లో ఎక్కడుంది? ముందు వాకిట్లో కాయ, వరండాలో కాయ, మంచాల కింద గోతాల్లో కాయ. చివరికి ఇంటి వెనక, గొడ్ల చావిడిని ఆనుకుని ఉన్న చిన్నగదిలో ఆమెకు మంచం వేశాం. ఘాటు రానిది అక్కడొక్కటే. పనిలేకుండా కూర్చోవడం ఆమెకు శిక్షలా ఉండేది. పొద్దంతా గేదె నెమరువేత వింటూ, మేము ఇంటికి రాగానే ఏ చేలో ఎంత కాయ దిగిందో అడుగుతూ ఉండేది. మాకేమో జవాబు చెప్పే ఓపిక కూడా ఉండేది కాదు.

ఒకరోజు ఇంకా ఎండ ఎక్కకముందే చేలో ఉండగా నా ఫోన్ మోగింది.

"ఏమే, గేదె పడుకుంటా లేస్తా ఉంది. నీటిబుడగ కనపడతా ఉంది. నువ్వు రా" అంది అత్త.

"ఇంకా వారం ఉందిగా అత్తా."

"వారం ఉందని దానికెవరు చెప్పారు? రా అంటుంటే."

డొంక వెంట పరుగులాంటి నడకతో వచ్చేసరికి దూడ నేల మీద ఉంది. అత్త నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, పాత చీరముక్కతో దాని ముక్కు, నోరు తుడుస్తోంది. వంగొద్దన్న డాక్టరమ్మ మాట గుర్తుచేద్దామనుకున్నాను గానీ, అప్పటికే ఆమె వంగాల్సినదంతా వంగేసింది.

"దున్నదూడ" అంది, తల ఎత్తకుండా.

నాకు ఉసూరుమనిపించింది. పెయ్యదూడ అయితే రేపు గేదె అవుతుంది. దున్నదూడను ఎవరు చూస్తారు? నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక మా వైపు దున్నదూడలకు పనే లేదు. తల్లి పొదుగులోకి పాలు చేపడానికి దాన్ని కాసేపు వదిలి లాగేస్తారు. చాలా ఇళ్లల్లో అవి పాలు చాలక చిక్కిచిక్కి ఏదో ఒక రోజు లేవవు. దాన్ని ఎవరూ పాపమని కూడా అనుకోరు.

గేదె దూడను నాకింది. అది తడబడుతూ పొదుగు దగ్గరికి చేరగానే మాత్రం ఎగిరి తన్నింది. దూడ గోడ దగ్గర పడింది. నేను చేతులు సబ్బుతో కడుక్కుని పొదుగు పట్టుకున్నాను. కాలిపోతున్నట్టుంది. నా చేతి మంటే అనుకున్నాను.

అత్త తన చెయ్యి వేసి చూసింది. "నీ చేతి కారం కాదే. పొదుగే కాగుతా ఉంది. రాయిలా ఉంది చూడు."

పిండితే వెనక చన్నుల్లోంచి నెత్తుటి చారలతో నీళ్లు వచ్చాయి. ముందు చన్నుల్లోంచి గడ్డలు పడ్డాయి. చిక్కగా, పసుపుపచ్చగా రావలసిన జున్నుపాలు ఒక్క చుక్క లేవు.

మండలంలోని పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఎక్కడో మరో ఊళ్లో ఉన్నాడు. అయినా అటునుంచి అటే మోటారు సైకిల్ మీద వచ్చాడు. చిన్నవాడే, మా తమ్ముడి వయసుంటుంది. నాలుగైదు మండలాల ఖాళీలు తనమీదే పడ్డట్టు ఎప్పుడూ అలసిపోయి ఉండేవాడు. పొదుగువాపని చెప్పి, గేదెకు సూదులు వేసి, చన్నుల్లోకి మందు ఎక్కించి, ఈ పాలు దూడకు పట్టొద్దన్నాడు.

"మరి దూడకేం పట్టాలండీ? డబ్బా పాలా?" అన్నాను.

"డబ్బా పాలు రేపటి సంగతి. ఇప్పుడు దీనికి జున్నుపాలు కావాలక్కా. ఏ గేదెవైనా సరే, ఆవువైనా సరే. ఎవరింట్లోనన్నా ఇయ్యాలో నిన్నో గొడ్డు ఈనిందేమో కనుక్కోండి. సాయంత్రం దాకా ఆగితే సగానికి సగం పనికిరావు. రేపు పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే."

"అదేంది? పాలు పాలేగా, రేపు ఎందుకు పనికిరావు?" అని అడిగింది అత్త.

ఆయన చేతులు కడుక్కుంటూ చెప్పాడు. గొడ్డుకు కడుపులో ఉండగా తల్లి నుంచి రోగాన్ని తట్టుకునే బలమేదీ రాదట. ఒట్టి చేతులతో పుట్టినట్టు పుడుతుందట. ఆ బలమంతా తల్లి తన మొదటి పాలలో దాచిపెడుతుందట. మామూలు పాలకన్నా వాటిలో మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు ఎన్నో రెట్లు ఎక్కువ. పుట్టిన కొన్ని గంటల వరకే దూడ పేగు ఆ బలాన్ని ఉన్నది ఉన్నట్టు రక్తంలోకి పోనిస్తుంది. ఆ తర్వాత పేగు మూసుకుపోతుంది. అప్పుడు ఎన్ని పాలు తాగినా కడుపు నిండుతుంది గానీ ఆ కాపుదల రాదు. అలాంటి దూడలు మొదటి నెలలోనే పారుడు విరేచనాలతోనో, ఊపిరితిత్తుల జబ్బుతోనో పోతాయి. పోకుండా ఉన్నవి కూడా ఎదగవు.

అత్త దూడ వైపు తిరిగి చూసింది. తర్వాత అడిగింది.

"మనుషులక్కూడా అంతేనా బాబూ?"

"మనుషులకు కొంత నయం మామ్మగారూ. తల్లి కడుపులోనే కొంత బలం వస్తుంది. అయినా ముర్రుపాలే పిల్లలకు మొదటి మందు. అందుకేగా ఇప్పుడు ఆసుపత్రిలో పుట్టిన గంటలోపే పట్టిస్తున్నారు."

ఆమె నుదుటి మీది నల్లద్దాలను మళ్లీ కళ్ల మీదికి దించుకుంది. నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. నా బుర్రంతా జున్నుపాలు ఎక్కడ దొరుకుతాయన్న దాని మీదే ఉంది.

ఊళ్లో ఆ రెండు రోజుల్లో ఈనిన గేదె లేదు. మా వీధి చివరింటి వాళ్ల గేదె అంతకు ముందు వారం ఈనింది. దాని పాలు ఈపాటికి మామూలు పాలైపోయి ఉంటాయి. ఊరికే అడిగి చూద్దామని వెళ్లాను. ఆ ఇంటావిడ వాకిట్లో పత్తి ఏరుతోంది. సంగతి విని, చేతిలో పత్తి అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"ఫ్రిజ్‌లో ఉన్నాయి" అంది చివరికి, చెప్పాలా వద్దా అన్నట్టు.

వాళ్ల అల్లుడు చీమకుర్తిలో గ్రానైట్ కోసే మిషన్ల దగ్గర పనిచేస్తాడు. జున్నంటే ప్రాణం. ఈనిన రోజు సెలవు దొరక్క రాలేకపోయాడు. వచ్చినప్పుడు కాచి పెడదామని, తొలిపూట పాలు నీళ్ల సీసాల్లో పోసి, గడ్డకట్టించి దాచింది.

"దున్నా, పెయ్యా?" అని అడిగింది.

"దున్నే."

"దున్నదూడ కోసమా ఇదంతా!"

 ఆ ప్రశ్న నన్ను నేనూ అడుగుతూనే వచ్చాను దారంతా. ఇంటి దగ్గర అత్త ముఖం చూస్తే కాదనలేకపోయానని చెబుదామనుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి లోపలికి వెళ్లింది. రాయిలా గడ్డకట్టిన సీసాలు రెండు తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"ఒకటుంచుకున్నా. మా అల్లుడికి చెప్పమాక" అంది.

ఆ సీసాల చల్లదనం నా అరచేతులకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇల్లు చేరేదాకా మార్చిమార్చి పట్టుకున్నాను.

తొందరలో ఒక సీసాను పొయ్యి మీద కాగుతున్న నీళ్లలో పెట్టేశాను. మధ్యలో గడ్డ ఇంకా కరగలేదు గానీ చుట్టూ పాలు విరిగి, జున్నైపోయాయి. డాక్టరుకు ఫోన్ చేస్తే, గోరువెచ్చటి నీళ్లలోనే కరిగించాలి అక్కా, చెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడే అన్నాడు. చేతులతోనే వచ్చింది నా తంటా. నా చేతులకు ఏది గోరువెచ్చనో, ఏది వేడో తెలియడం లేదు. రెండో సీసాను అత్త పెట్టింది. తొట్టిలో నీళ్లు పోసుకుని, మోచెయ్యి ముంచి చూసుకుని, చన్నీళ్లు కలిపి, సీసాను అందులో దొర్లిస్తూ కూర్చుంది. పసిబిడ్డ స్నానం నీళ్లు చూసినట్టే చూసింది.

పాలు గిన్నెలోకి వచ్చాక దూడకు తాగడం రాలేదు. ముఖం గిన్నెలో పెడితే తుమ్మి, తల విదిలించింది. అలాంటప్పుడు వేళ్లు నోట్లో పెడితే చన్ననుకుని చీకుతుంది. చీకుతుండగా మెల్లగా చేతిని పాలలోకి దించాలి. ఎన్నో దూడలకు అలా నేర్పాను. అలవాటుగా వేళ్లు పెట్టాను. దూడ ఒక్క ఉదుటున వెనక్కి పోయి, నాలుక బయట పెట్టి, నురుగు కక్కుతూ అరిచింది.

"తియ్యవే నీ చెయ్యి! దాని నోరు కాలిపోద్ది!" అని అత్త నన్ను పక్కకు నెట్టింది.

సబ్బుతో, బూడిదతో, నూనెతో ఎన్నిసార్లు తోమినా ఒకటే. మా ఆయన వచ్చినా అంతే. ఇంటికొచ్చే ప్రతి మనిషి చేతికీ ఆ రోజుల్లో కారమే. కోతకు పోనిది ఆమె ఒక్కతే. ముక్కాలి పీట వేయించుకుని, దూడను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చూపుడు వేలు, మధ్యవేలు దాని నోట్లో పెట్టింది. అది చీకడం మొదలుపెట్టాక చేతిని గిన్నెలోకి దించింది. మొదట బుడగలు వచ్చాయి. తర్వాత గుటక వినపడింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టుకునే ఉన్నాం. తాగడం అయ్యాక అది ఆమె వేళ్లను వదలలేదు. ఆమె కూడా తియ్యలేదు.

విరిగిపోయిన మొదటి సీసాను పొయ్యి పక్కనే వదిలేశాను. చేలోంచి వచ్చిన మా ఆయన అందులో ఇంత చక్కెర వేసుకుని తినేసి, "జున్ను బాగుందే, మన గేదెదేనా?" అన్నాడు. నవ్వడానికి కూడా నాకు ఓపిక లేదు.

ఆ తర్వాత గేదె జ్వరం తగ్గింది. ముందు రెండు చన్నులు బాగుపడ్డాయి. వెనకవి ఎండిపోయాయి. అది దూడను మళ్లీ దగ్గరికి రానివ్వలేదు. పాలు పిండటం, దూడకు పట్టడం రెండూ అత్త పనులైపోయాయి. నేను మధ్యాహ్నం కూలీలకు అన్నం తీసుకెళ్లడానికి ఇంటికి వచ్చినప్పుడు ఆమె దూడతోనే ఉండేది. కంట్లోంచి నీరు కారుతుంటే గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆమెను వదిలేసి నన్ను తిట్టింది. కొత్త చుక్కలు రాసి ఇచ్చింది. బస్సులో వస్తూ అత్త, "నువ్వు తిట్లు తిన్నావు పాపం" అంది.  మర్నాడు మళ్లీ పీట మీదే ఉంది.

అలాంటి ఒక మధ్యాహ్నమే తనంతట తాను చెప్పింది. నేను చావిడి గుమ్మంలో కూర్చుని క్యారేజీ సర్దుకుంటున్నాను.

"నా మొదటి కాన్పు సంగతి నీకు తెలుసా?"

తెలుసు అన్నాను. మా ఆయన కంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టి పోయాడని మాత్రమే తెలుసు. మా ఇళ్లల్లో దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడుకోలేదు.

"పుట్టింట్లోనే పురుడు. మీ నాయనమ్మే పోసింది. పిల్లాడు పుట్టగానే నా పాలు గిన్నెలోకి పిండించింది. పసుపుపచ్చగా, జిగటగా ఉన్నాయి. ఇయ్యి చీముపాలు, బిడ్డకు అరగవు అని గోడ మొదట్లో పారబోసింది. మూడు రోజులు అట్టాగే. నాకు ఛాతీ సలుపుతా ఉండేది. వాడేమో పక్కలో ఏడుస్తా ఉండేవాడు. ఆముదం నాకించింది, పంచదార నీళ్లలో గుడ్డ తడిపి నోట్లో పెట్టింది. తెల్లపాలు పడినాకే వాణ్ని పాలు తాగనిచ్చింది."

దూడ గిన్నెను తలతో కుమ్మింది. ఆమె దాన్ని సర్దింది.

"పుట్టినప్పుడు బాగానే ఉన్నాడే. బొద్దుగా ఉన్నాడు. నెల తిరక్కుండానే విరేచనాలు పట్టుకున్నయ్. రెండ్రోజులకు కళ్లు లోపలికి పోయినయ్."

 మా నాయనమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించిన మనిషి. ఊళ్లో ఎవరికి పురుడు వచ్చినా ముందు ఆమెనే పిలిచేవాళ్లు.

"నాయనమ్మ మీద కోపమొస్తోందా అత్తా?"

"ఆమెకు తెలిస్తే చేసుద్దా? వాళ్లమ్మ ఆమెకూ అంతే చేసింది. అందరి ఇళ్లల్లో అదే." దూడ మూతి తుడిచి, "మీ ఆయన పుట్టినప్పుడు అప్పటికప్పుడు పాలిచ్చేశాను. మీ నాయనమ్మ ఊళ్లో లేదు, ఏదో పెళ్లికి పోయింది. దానివల్లే బతికాడో, మరి దేనివల్లో" అంది.

 కూలీలు ఆకలితో ఎదురుచూస్తుంటారు. లేచాను. వెళ్తుంటే వెనకనుంచి, "వాడు పాల కోసం ఏడుస్తుంటే నా పక్కనే పారబోశారు" అంది. గట్టిగా కాదు. దూడతో చెప్పినట్టు.

గేదెను చూడటానికి పశువుల డాక్టరు మళ్లీ వచ్చినప్పుడు ఆమె ఆయన్ని అడిగింది. ఎవరో తెలిసినావిడ బిడ్డ అన్నట్టుగా అడిగింది. ఆ పాలు పట్టి ఉంటే ఆ బిడ్డ బతికేవాడా అని.

ఆయన సూది పెట్టె మూసి, ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు. అర్థమైందనుకుంటాను.

"చెప్పలేం మామ్మగారూ. పట్టి ఉంటే కొంత కాపుదల ఉండేది. అంతవరకే చెప్పగలను. పాలు తాగిన పిల్లలు కూడా పోయిన రోజులవి. పట్టకపోయినా బతికినవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు?"

ఆమె తల ఊపింది. "అబద్ధం చెప్పలేదు" అంది ఆయన వెళ్లాక. దాన్ని మెచ్చుకోలుగా అందో, బాధగా అందో నాకు తెలియలేదు.

మూడో కోత అయ్యేసరికి ఇంట్లో గొడవ మొదలైంది. గేదె ఇచ్చేవే రెండు చన్నుల పాలు. పాలకేంద్రంలో పొయ్యకుండా దున్నదూడకు పడుతున్నామని మా ఆయనకు కడుపుమంట. అతన్ని తప్పు పట్టలేను. తెల్లవారి లేచిన దగ్గర్నుంచీ అతని నడుం నిలబడటం లేదు.

"గంజి పట్టవే అమ్మా. కడుపు నిండితే చాలుగా" అన్నాడు.

"గంజితో నువ్వు పెరిగావా?" అంది అత్త.

అయినా అతని మాట కాదనలేక కొన్నాళ్లు పాలు తగ్గించి గంజి కలిపాం. దూడకు పొట్ట మాత్రం కుండలా వచ్చింది. వీపు ఎముకలు లెక్కపెట్టొచ్చు. వెంట్రుకలు గరుకెక్కి, రంగు మారి, ఎర్రబారాయి. డబ్బా పాలు తెచ్చి కలిపితే పారుడు పట్టుకుంది. తోక, వెనక కాళ్లు తడిసి, ఈగలు ముసిరాయి. అది పోతుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, పోతే ఒక పని తగ్గుతుందని కూడా ఒక పూట అనిపించింది. డాక్టరు వచ్చి మందిచ్చి, జున్నుపాలు పడ్డాయి కాబట్టి తట్టుకుంటోంది, లేకపోతే ఈపాటికి పోయేది అన్నాడు. గంజి మానేసి తల్లిపాలే పూటకింతని పట్టమన్నాడు. ఎముక, కండ కట్టేదంతా పాలలోనే ఉందని, గడ్డి అరిగించుకునే కడుపు దానికి ఇంకా రాలేదని చెప్పాడు.

ఆ రోజు నుంచి అత్త ఎవరినీ అడగలేదు. పాలు పిండగానే ముందు దూడ గిన్నె నింపేది. మిగిలినవే పాలకేంద్రానికి. మా ఆయన మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత విసుక్కునే ఓపిక కూడా పోయింది. కాయ అమ్ముడుపోక, మార్కెట్ చుట్టూ తిరుగుతూ ఉన్నాడు.

దూడ నిలబడింది. వీధి చివరింటి వాళ్ల దూడ పెయ్య. పుట్టినప్పటి నుంచీ దానికి పాలకు లోటు లేదు. రెండూ వారం తేడాతోనే పుట్టినా పక్కపక్కన కట్టేస్తే మాది దాని తమ్ముడిలా ఉండేది. అయినా పెరిగింది. మెడకున్న పలుపు బిగుసుకుంటే అత్త ముడి వదులు చేసేది. వదులు చేసిన ప్రతిసారీ నన్ను పిలిచి చూపించేది. నేను బాగుందత్తా అని మళ్లీ పనిలోకి పోయేదాన్ని. నిలబడి చూసే తీరిక నాకెప్పుడూ దొరకలేదు.

మళ్లీ మిరప నారు పోసి, నాట్లు వేసి, పాదులు చేసి, ఏడాది ఎలా తిరిగిందో తెలియదు. దూడ ఒక సైజుకు వచ్చింది. చావిడిలో మేత చాలడం లేదు. ఒకరోజు పశువుల బేరగాడు ట్రాలీ ఆటోతో ఊళ్లోకి వచ్చాడు. దున్నలను కొనుక్కుని అతను ఎక్కడికి తీసుకెళ్తాడో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. మా ఆయన చావిడి వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. అమ్మకు నువ్వు చెప్పు అన్నట్టు.

నేను చిన్నగది దగ్గరికి వెళ్లాను. అత్త కందిపప్పు చెరుగుతోంది. గుమ్మంలో నిలబడ్డాను.

"బేరగాడొచ్చాడా?" అంది. "ఇచ్చెయ్యండి."

"అత్తా..."

"ఏంది? ఉంచుకుని ఏం చేస్తాం? మేత ఎక్కడ తెస్తావు? నీ నడుం చూసుకున్నావా?" చాట పక్కన పెట్టింది. "పాల్లేక చావకూడదనుకున్నా. అంతవరకే నా పని. ఆ తర్వాత దాని బతుకు దానిది."

ఆమె బయటికి వచ్చి పలుపు విప్పింది. దూడ అలవాటుగా ఆమె వేళ్ల కోసం మూతి చాచింది. అప్పటికి పాలు మానేసి చాలా నెలలైనా ఆ అలవాటు పోలేదు. ఆమె వేళ్లివ్వలేదు. పలుపు బేరగాడి చేతికిచ్చి, లోపలికి వెళ్లి, మళ్లీ చాట అందుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఎక్కడన్నా గోడకు ఆనుకుని కాసేపు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను. మా ఆయన కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. 

ఆ ఎండాకాలం ధర లేదని కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టడానికి బయల్దేరాం. ట్రాక్టరు నిండా టిక్కీలు, కాయ తొక్కి కుట్టిన గోతాలు. అత్తకు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన పని ఉంది. కోల్డ్ స్టోరేజీ దగ్గర బస్సెక్కిస్తానని తనను కూడా ట్రాక్టరెక్కించుకున్నాను. కోల్డ్ స్టోరేజీ మా పుట్టింటి ఊరు వెళ్లే రోడ్డు మీద ఉంది. గేటు బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. ఎండ మండిపోతోంది. గోతాల ఘాటుకు అందరూ దగ్గుతున్నారు. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ పెద్ద తెల్లటి షెడ్డు వైపే చూస్తోంది.

"ఇక్కడ వాగు గట్టుండేది" అంది. "తుమ్మచెట్లుండేవి. మీ తాత గుడ్డలో చుట్టుకుని ఇక్కడికే తెచ్చాడు వాణ్ని. నన్ను రానివ్వలేదు, పచ్చి బాలింతనని. తర్వాత ఎప్పుడో మీ నాన్న చూపించాడు. ఆ మూలనో, ఈ మూలనో. ఇప్పుడేం తెలుస్తుంది?"

ఎన్నో ఏళ్లుగా నేను ఈ గేటు ముందు బారులో నిలబడ్డాను. ఆమె కూడా నాతో వచ్చిన సంవత్సరాలున్నాయి. ఎప్పుడూ చెప్పలేదు.

"పేరు పెట్టారా అత్తా?"

"పెట్టలేదు. పేరు పెట్టే లోపే."

 ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను. నా చేతులు పొద్దున టిక్కీలు ఎక్కించిన చేతులు. ఆమెకేమో మళ్లీ కంటి పరీక్ష ఉంది. పట్టుకోకుండా పక్కన కూర్చున్నాను. ముందు లారీ కదిలింది. వెనక నుంచి హారన్ కొట్టారు. హమాలీలు మా ట్రాక్టరు వైపు నడిచి వస్తూ, ఎవరి సరుకిది, దిగండి దిగండి అని కేకలు వేశారు. అత్త నా భుజం పట్టుకుని మెల్లగా కిందికి దిగింది. టిక్కీలన్నీ లోపలికి పోయేదాకా గోడ నీడలో నిలబడి, నేను పిలిస్తే బస్సెక్కడానికి వచ్చింది.